లండన్ - పారిస్ - ఆమ్‌స్టర్‌డామ్: రైలెక్కే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నల్ని పారిస్‌కీ, అక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కీ తిప్పుతానన్నావు. రెండూ యూరోస్టార్ రైళ్లే అయినా ఎక్కే పద్ధతి ఒకటి కాదు.

లండన్ స్టేషన్ సెయింట్ పాంక్రాస్‌లో వ్యవహారమంతా విమానాశ్రయం లాంటిదే. రైలు కదలడానికి అరగంట ముందే గేట్లు మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా లోపలికి పంపరు. గంటన్నర ముందే చేరండి. టికెట్ గేటు, సామాను స్కానర్ దాటాక ఫ్రెంచి పోలీసులు పాస్‌పోర్టు చూసేదీ లండన్‌లోనే. 2025 అక్టోబరులో మొదలైన పద్ధతి ప్రకారం మన పాస్‌పోర్టు వాళ్లకు మొదటిసారి ఫోటో కూడా తీసుకుంటారు. ఆలస్యమయ్యేది అక్కడే. బ్రిటన్ వీసా ఎంత పక్కాగా ఉన్నా సరే, ముగ్గురికీ షెంగెన్ వీసా (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) ఉండాల్సిందే.

మీ అమ్మ పెరుగన్నం కలుపుతానంటుంది. వద్దను. బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. పులిహోర కట్టమను.

మనిషికి 85 సెంటీమీటర్లు మించని రెండు పెట్టెలు, ఒక చేతిసంచి. బరువు తూచరు గానీ, మెట్టెక్కించి అరలో పెట్టుకోవాల్సింది మీరే. ఇండియా నుంచి తెచ్చిన 23 కిలోల పెట్టెలు ఇంట్లోనే వదిలెయ్యండి. సముద్రం చూడొచ్చని మీ నాన్న కిటికీ సీటు కోసం పట్టుబడతాడేమో! 50 కిలోమీటర్ల సొరంగంలో ఇరవై నిమిషాలపాటు కనబడేది చీకటే అని ముందే చెప్పు.

పారిస్ స్టేషన్ గార్ దు నార్‌లో ఆమ్‌స్టర్‌డామ్ రైలుకి ఈ తతంగమేదీ లేదు, నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లిపోవచ్చు. పొరపాటు జరిగేది రైలు పెట్టె (కోచ్) నంబరు దగ్గర. ఒక్కోసారి రెండు రైళ్లు ముక్కుకు ముక్కు తగిలించి నడుపుతారు, లోపలినుంచి ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి దారి ఉండదు. పైగా ఒకటి బ్రస్సెల్స్‌లోనే ఆగిపోవచ్చు. మన దగ్గరలాగా ఏదో ఒక పెట్టె ఎక్కేసి లోపల్లోపల నడిచొద్దామంటే కుదరదు. బోర్డులో నంబరు చూసుకుని, ఆ పెట్టె ఆగేచోటే నిలబడండి. ప్రయాణం మూడు గంటల ఇరవై నిమిషాల దాకా పడుతుంది. బ్రస్సెల్స్ మిడీ స్టేషన్లో తలుపులు తెరిచినప్పుడు సామాను మీద ఓ కన్నేసి ఉంచు, దొంగలకు ఆ రెండు నిమిషాలే చాలు.

తిరుగు ప్రయాణం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేరుగా లండన్‌కైతే మళ్లీ ముందే చేరాలి. బ్రిటన్ అధికారులు పాస్‌పోర్టు అక్కడే చూస్తారు, అమ్మానాన్నల వీసా మళ్లీ లోపలికి రానిచ్చేదేనా అని ఇప్పుడే చూసుకో. అదే రోజు ఇండియా విమానం మాత్రం పెట్టుకోకండి. రైలు గంట ఆలస్యమైతే టికెట్ డబ్బులో పావు వంతు, రెండు గంటలైతే సగం వెనక్కొస్తుంది కానీ, తప్పిన విమానాన్ని రైలువాళ్లు పట్టించుకోరు.

మీ పెదనాన్న