ఎముక అతుకుతోంది.. కానీ మణికట్టు లేవడం లేదు! నరం తెగిపోయిందా?

ప్రశ్న: మా వారి వయసు 34. ఆటో నడుపుతారు. ఐదు వారాల కిందట బైక్ మీద నుంచి పడితే కుడి దండచెయ్యి ఎముక మధ్యలో విరిగింది. గాయమేమీ కాలేదు. ఆపరేషన్ లేకుండా బ్రేస్ వేశారు, ఎముక అతుకుతోందంటున్నారు. కానీ పడిన రోజు నుంచీ మణికట్టు వాలిపోయింది, వేళ్లు చాచలేకపోతున్నారు. నరం తెగిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆపరేషన్ చేయించాలా? మళ్లీ ఆటో నడపగలరా?
- ఓ సోదరి, నల్గొండ

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి మణికట్టును పైకెత్తి, వేళ్లను చాపే రేడియల్ నరం దెబ్బతిన్నట్టుంది. ఈ నరం దండచెయ్యి ఎముకను ఆనుకునే వెనక నుంచి మెలి తిరిగి కిందికి దిగుతుంది. అందుకే అక్కడ ఎముక విరిగినప్పుడు నలగడమో, సాగడమో జరుగుతుంది. చర్మం చిట్లకుండా లోపలే విరిగినప్పుడు నరం పూర్తిగా తెగడం తక్కువ. ఇలాంటివారిలో పదిమందికి ఏడుగురి దాకా ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. ఆయన మణికట్టును మీ చేత్తో పైకెత్తి పట్టుకుని, పిడికిలి బిగించమనండి. పట్టు బాగా పెరిగితే, వేళ్లు ముడిచే నరాలు బాగున్నట్టే. మణికట్టుకు ఆసరా లేకపోవడం వల్లే పట్టు జారుతోంది. వేళ్ల చివరి కణుపులు కొంచెం చాపగలుగుతున్నారని మాత్రం రేడియల్ నరం పనిచేస్తోందనుకోకండి. ఆ కదలిక వేరే నరానిది.

లోపలి పోగులు తెగితే నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. అంటే విరిగిన చోటు నుంచి మోచేతి దగ్గరి కండరాన్ని చేరడానికే మూడు నాలుగు నెలలు. ఆ తర్వాత మణికట్టు, చివరికి వేళ్లు, బొటనవేలు. ఐదు వారాలకే కదలిక రాలేదని కంగారు పడనక్కర్లేదు. అలాగని చూద్దాంలే అని ఏడాది గడిపేస్తే చాలా నష్టం. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరినా కండరం స్పందించదు.

కాబట్టి కండరాలు, నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే ఈఎంజీ, నెర్వ్ కండక్షన్ పరీక్షలు ఇప్పుడే చేయించండి. దెబ్బ తగిలిన మూడు వారాల తర్వాతే వీటికి సరైన ఫలితం వస్తుంది. మూడో నెల చివర్లో మళ్లీ చేయించాలి. అప్పటికీ ఏ మార్పూ లేకపోతే చేతి సర్జరీలు చేసే ఆర్థోపెడిక్ లేదా ప్లాస్టిక్ సర్జన్ని కలవండి. నరం తెగి ఉంటే పిక్క దగ్గరి సన్నని నరాన్ని తీసి అతుకుతారు. అదీ ఫలించకపోతే, బాగున్న కండరాల స్నాయువులను (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లను) మార్చి కుట్టి మణికట్టు లేచేలా చేసే ఆపరేషన్ ఉంది. ఫలితాలు బాగుంటాయి.

ఈలోగా అసలు పని మీ ఇంట్లోనే ఉంది. మణికట్టును పైకెత్తి ఉంచే కాక్-అప్ స్ప్లింట్ వాడాలి. రోజుకు నాలుగైదు సార్లు మణికట్టును, ప్రతి వేలినీ, బొటనవేలినీ ఎడమచేత్తో పూర్తిగా చాపాలి. కీళ్లు బిగుసుకుపోతే నరం కోలుకున్నాక కూడా చెయ్యి తెరుచుకోదు. గట్టి మాలిష్‌లు, బిగుతు కట్లు వద్దే వద్దు. బీ-12 లోపం ఉంటే మాత్రలు వేసుకోవచ్చు గానీ, అవి తెగిన నరాన్ని అతకవు. బొటనవేలి వెనక వైపు స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి ఇంజిన్ దగ్గర జాగ్రత్త.

ఆటో యాక్సిలరేటర్ కుడిచేతిలోనే ఉంటుంది కదా. స్ప్లింట్ లేకుండా మణికట్టు ఎత్తి నిలపగలిగేదాకా, ఎముక గట్టిపడిందని డాక్టర్ చెప్పేదాకా నడపనివ్వకండి.