రిజర్వేషన్ల వల్ల ప్రతిభకు అన్యాయం జరగడం లేదా?

ఎంసెట్ రాసిన ఏడాది ఇదే ప్రశ్న నేనూ పళ్లు కొరుకుతూ అడిగాను. నాకన్నా 12,000 ర్యాంకులు వెనకబడిన అబ్బాయి ఎస్సీ కోటాలో నా కాలేజీలో, నా బ్రాంచిలోనే చేరాడు. హాస్టల్లో గది కూడా ఒకటే.

మొదటి సెమిస్టర్‌లో ఒక రాత్రి కౌన్సెలింగ్ మాట వచ్చింది. నేను వెబ్ ఆప్షన్లు పెట్టిన రోజు మా ఇంట్లో పెళ్లి హడావిడి. బాబాయి లెక్చరరు కదా, అంతకుముందు ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో రాసుకుని మరీ వచ్చాడు. నాన్న పైకి చదువుతుంటే నేను నొక్కుతూ పోయాను. 90కి పైగా ఆప్షన్లు. అతను పెట్టినవి 7. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు ఇక చాలన్నాడట. రెండో విడతలో ఇంకా మంచి సీటుకు ప్రయత్నించవచ్చని అతనికి చెప్పినవాళ్లు లేరు. ఆ ఏడాది చివరి ర్యాంకుల పట్టిక తీసి చూశాం. అతని ర్యాంకుకు యూనివర్సిటీ కాలేజీలో సీటు వచ్చేది! "పోనీలే" అని లైటు ఆపేశాడు. నాకే నిద్ర పట్టలేదు.

నేను కష్టపడి చదివాను, అందులో అబద్ధం లేదు. కానీ బాబాయి మార్కుల జాబితాలో కనపడడు. నీట్‌లో ఓబీసీలకు 27 శాతం కోటాను సమర్థిస్తూ 2022 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే: కొన్ని వర్గాలకు సమకూరిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక అనుకూలతలు పోటీ పరీక్ష మార్కుల్లో కనిపించవని.

మా క్లాసులో మేనేజ్‌మెంట్ కోటావాళ్లూ ఉండేవారు. వాళ్ల ర్యాంకు ఎంతని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఈడబ్ల్యూఎస్‌కు, అంటే వేరే రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదలకు, 10 శాతం ఇచ్చాక మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ప్రతిభ మీద ఉపన్యాసాలు తగ్గిపోయాయి. ఏటా 8 లక్షల లోపు ఆదాయమని సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఎలా అన్న వాకబు మొదలైంది.

అలాగని మీ ప్రశ్నను కొట్టిపారేయను. ఓబీసీల్లో సంపన్న శ్రేణిని మినహాయించాలని 1992లోనే ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎస్సీల్లోనూ ఒక తరం స్థిరపడ్డాక ఏమిటన్నది న్యాయమైన సందేహమే. ఆ మాటే నా హాస్టల్ గది స్నేహితుణ్ణి అడిగాను కూడా. ఇప్పుడతను ఇంజనీరు, రేపు కూతురికి ఆప్షన్లు పెట్టేది అతనే. అప్పటికే ఆ నెలలో ముగ్గురు ఇంటి యజమానులు కులం అడిగి, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామని చెప్పి పంపేశారు. "ఆప్షన్ల సంగతి నేను చూసుకుంటాను, ముందు నాకో అద్దె ఇల్లు చూసిపెట్టు" అన్నాడు.

నాలుగో ఇంటికి మాట్లాడటానికి నేను వెళ్లాను. నా ఇంటిపేరు వినగానే ఇక వేరే ప్రశ్న అడగలేదు, తాళాలు చేతికిచ్చారు.