జాజ్ చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీఏ హిస్టరీ ఫైనలియర్ చదువుతున్నాను. నాన్న పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తారు, నాకూ నేర్పారు. దక్షిణాఫ్రికా ట్రంపెట్ కళాకారుడు హ్యూ మసెకెలాను విన్నప్పటి నుంచి జాజ్‌కీ ఆఫ్రికాకీ ఉన్న సంబంధం మీద పీజీ చేయాలని ఉంది. ఇంట్లో గ్రూప్స్ రాయమంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: మసెకెలా దగ్గరే మొదలుపెడదాం. 1956లో జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా నుంచి జోహన్నెస్‌బర్గ్‌లోని ఒక కుర్రాళ్ల బ్యాండుకి ట్రంపెట్ పంపారు. ఆ బ్యాండులోని మసెకెలా దాన్ని పట్టుకుని సంతోషంతో గాల్లోకి ఎగిరిన ఫొటో ఉంది, తప్పక చూడండి. ఆ ఏడాది మేలోనే ఆర్మ్‌స్ట్రాంగ్ ఘనాలోని ఆక్రా వెళ్లి ఎన్‌క్రుమా ఎదుట 'బ్లాక్ అండ్ బ్లూ' పాడారు. నల్లగా పుట్టినందుకు పడే బాధ ఆ పాట. వింటున్నాయన మరో పది నెలల్లో స్వతంత్ర ఘనా పగ్గాలు పట్టబోతున్న నాయకుడు.

1960లో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మంది నల్లజాతి నిరసనకారులను కాల్చి చంపారు. మసెకెలా ఆ ఏడాదే దేశం విడిచారు. అక్కడ న్యూయార్క్‌లో జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ ఆ కాల్పులకు స్పందనగా 'టియర్స్ ఫర్ జోహన్నెస్‌బర్గ్' రికార్డు చేశారు. అందులో డ్రమ్స్ వాయించిన వాళ్లలో నైజీరియా నుంచి వచ్చిన ఒలటుంజీ ఒకరు. అది ఉన్న ఆల్బమ్‌ని దక్షిణాఫ్రికా ప్రభుత్వం నిషేధించింది.

ఈ చరిత్ర కాగితాల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగం చెవితో పట్టుకోవాలి. వాయించే వాడు ఎక్కడ ఊపిరి బిగపట్టాడో మీకు వినగానే తెలుస్తుంది. చాలామంది హిస్టరీ విద్యార్థులకు ఆ చెవి లేదు.

ఉద్యోగాల సంగతి దాచను. మన దేశంలో ఈ పేరుతో పోస్టులు దాదాపు లేవు. అందుకే ఎంఏ హిస్టరీలోనే చేరండి, నెట్, జేఆర్‌ఎఫ్ కొట్టండి, ఈ విషయాన్ని పీహెచ్‌డీకి తీసుకోండి. ఢిల్లీ, ముంబై యూనివర్సిటీల్లో ఆఫ్రికా అధ్యయన విభాగాలున్నాయి. పాత రికార్డింగులు భద్రపరిచే పని నచ్చితే గురుగ్రామ్‌లో సంగీత పరిశోధన ఆర్కైవ్ ఉంది. విదేశాల్లో అయితే అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో ఉన్న జాజ్ అధ్యయన సంస్థ, కేప్‌టౌన్ యూనివర్సిటీ చూడండి. కానీ అప్పు చేసి అక్కడ ఎంఏ చేయొద్దు. స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకైతేనే వెళ్లండి.

గ్రూప్స్ ఒకసారి రాయండి, మీ హిస్టరీ అక్కడా పనికొస్తుంది. అయితే ఏళ్లకేళ్లు కోచింగ్ సెంటర్లలో గడపొద్దు.

ఈ సెలవుల్లో నాన్నగారు ఏ ట్యూన్ ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, ఆయన మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేయండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మార్కుల మెమో కంటే ముందు దాని గురించి చెప్పండి.