టెక్ సందేహాలు: ఒకే సర్వర్‌ని నమ్ముకోకుండా కోడ్‌కి సొంత వెబ్ పేజీలు

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడుపుతున్నాం. కోడ్ అంతా ఒక పెద్ద హోస్టింగ్ సైటులో ఉంది. రేపు అది మూతపడినా, మా అకౌంట్ బ్లాక్ అయినా ఏం చేయాలా అని టెన్షన్. ఏ ఒక్క సర్వర్ మీదా ఆధారపడకుండా, కోడ్‌ని బ్రౌజర్‌లో చూపించే సింపుల్ వెబ్ ఇంటర్‌ఫేస్ మేమే తయారు చేసుకోగలమా?

జవాబు: తప్పకుండా చేసుకోగలరు. కోడ్ గురించి మాత్రం అంత భయం అక్కర్లేదు. లినక్స్ కెర్నెల్ డెవలపర్లకు 2005లో ఇలాంటి ఇబ్బందే వచ్చింది. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచడానికి వాళ్లు వాడుతున్న బిట్‌కీపర్‌కి ఉచిత లైసెన్సు ఆగిపోయింది. అప్పుడే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అదే పని చేసే గిట్ రాశారు. మీ కోడ్ కూడా గిట్‌లోనే ఉందనుకుంటున్నాను. మామూలుగా క్లోన్ (ప్రాజెక్టును కాపీ) చేస్తే మొదటి కమిట్ (నమోదు చేసిన మార్పు) నుంచి మొత్తం చరిత్ర మన లాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది. ముగ్గురూ క్లోన్ చేసుకుని ఉంటారు కాబట్టి మీ కోడ్‌కి ఇప్పటికే మూడు పూర్తి కాపీలున్నట్టే.

ప్రమాదంలో ఉన్నది కోడ్ చుట్టూ పేరుకున్నదంతా. బగ్ రిపోర్టులు, రివ్యూల్లో జరిగిన చర్చలు, ఎవరికి ఏ పర్మిషన్ ఉందనే వివరాలు, అందరికీ తెలిసిన అడ్రస్. ఇవి గిట్‌లో ఉండవు, ఆ సైటు డేటాబేస్‌లో ఉంటాయి. 2015లో గిటోరియస్, 2016 జనవరిలో గూగుల్ కోడ్ మూతపడ్డాయి. రెండూ ఒకప్పుడు బాగా నడిచినవే. అందుకే ఏ కొత్త సౌకర్యం పెట్టాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీని డేటా గిట్ లోపల ఉంటుందా, బయట ఉంటుందా? బయట ఉంటే, సర్వర్ మారిన రోజున దాన్ని మోసుకెళ్లే పని మీ నెత్తిన పడుతుంది.

ముందు చదివే పేజీల సంగతి చూద్దాం. గిట్‌తోపాటే గిట్‌వెబ్ అనే పెర్ల్ ప్రోగ్రామ్ వస్తుంది. సీ భాషలో రాసిన సీజిట్ కూడా ఉంది. ఈ రెండూ ఎవరైనా పేజీ అడిగినప్పుడు తయారు చేసి ఇస్తాయి. స్టాగిట్ దారి వేరు. అది హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను ముందే రాసి పెట్టేస్తుంది. మీకు నేను చెప్పేది ఈ దారే. దాన్ని పోస్ట్-రిసీవ్ హుక్‌లో (కోడ్ రాగానే సర్వర్‌లో గిట్ తనంతట తాను నడిపే స్క్రిప్ట్) పెట్టేస్తే, కోడ్ పుష్ అయిన (సర్వర్‌కి పంపిన) ప్రతిసారీ పేజీలు వాటంతటవే కొత్తవవుతాయి. ఆ ఫోల్డర్‌ని ఏ మామూలు వెబ్ సర్వర్‌లోనైనా పెట్టొచ్చు. వెబ్‌లో లాగిన్ ఉండదు కాబట్టి అక్కడ దొంగిలించడానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. పుష్ చేయడానికి ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌కి భద్రంగా కనెక్ట్ అయ్యే పద్ధతి) ఉండనే ఉంది.

మీరే సొంతంగా రాయాలనుకున్నా పెద్ద కష్టం కాదు. గిట్ లాగ్, ఎల్‌ఎస్-ట్రీ, షో కమాండ్లు ఇచ్చే అవుట్‌పుట్‌ని పేజీలుగా మార్చడమే పని. ఎల్‌ఎస్-ట్రీకి మాత్రం జెడ్ (-z) ఆప్షన్ మర్చిపోకండి. అది లేకపోతే తెలుగులో పెట్టిన ఫైల్ పేరు మామూలు సెట్టింగుల్లో అక్షరాలుగా రాదు, బ్యాక్‌స్లాష్‌లూ అంకెలూ కలిసిన గొలుసులా వస్తుంది. మన భాషలో పేర్లు పెట్టుకునేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. కమిట్ మెసేజ్, రాసినవారి పేరు, ఫైల్ పేరు, వీటిలో ఎవరైనా ఏదైనా రాయొచ్చు, స్క్రిప్ట్ ట్యాగ్‌తో సహా. పేజీలో పెట్టే ప్రతి ముక్కనూ ఎస్కేప్ చేయాల్సిందే, అంటే బ్రౌజర్ దాన్ని కోడ్‌గా నడపకుండా అక్షరాలుగానే చూపించేలా మార్చాలి. రిపాజిటరీలోని (కోడ్, దాని చరిత్ర ఉండే ఫోల్డర్) ఫైళ్లను నేరుగా చూపించేటప్పుడు ప్లెయిన్ టెక్స్ట్‌గానే పంపండి. ప్రతి కమిట్‌లోని ప్రతి ఫైలుకీ బ్లేమ్ పేజీ (ఏ లైను ఎవరు రాశారో చూపేది) ఇవ్వాలనే ఆశ వద్దు. పేజీల సంఖ్యకు అంతుండదు, వాటన్నిటి మీదా క్రాలర్లు (సైట్లన్నీ తిరిగే ఆటోమేటిక్ ప్రోగ్రాములు) వచ్చి పడతాయి. తాజా ఫైళ్లు, కమిట్ల జాబితా, ఒక్కో కమిట్‌లో ఏం మారిందో చూపే పేజీ, ఇంతవరకు చాలు.

క్లోనింగ్‌కీ ఇదే మామూలు వెబ్ సర్వర్ పనికొస్తుంది. బేర్ రిపాజిటరీని (ఎడిట్ చేసే ఫైళ్లు లేకుండా గిట్ డేటా మాత్రమే ఉన్నది) అక్కడ పెట్టి, పోస్ట్-అప్‌డేట్ హుక్‌లో అప్‌డేట్-సర్వర్-ఇన్ఫో కమాండ్ నడిపిస్తే సరి. పెద్ద ప్రాజెక్టులకు ఇది నెమ్మది, మీలాంటి చిన్నవాటికి ఫర్వాలేదు.

ఇప్పుడు ఒకే సర్వర్ మీద ఆధారపడకుండా ఉండటం. వేర్వేరు చోట్ల రెండు మూడు కాపీలు పెట్టండి. ఒకే రిమోట్‌కి (గిట్‌లో సర్వర్ అడ్రస్‌కి పెట్టుకునే పేరు) అనేక పుష్ అడ్రస్‌లు ఇవ్వొచ్చు, ఒక్క పుష్‌తో అన్నిటికీ వెళ్తుంది. అయితే పుష్ అడ్రస్ విడిగా చేర్చగానే, మొదట ఉన్న అడ్రస్‌కి పుష్ వెళ్లడం ఆగిపోతుంది. దాన్ని కూడా మళ్లీ చేర్చాలి. రిలీజ్ ట్యాగులకు (ఒక్కో వెర్షన్‌కి గుర్తుగా పెట్టే పేర్లు) డిజిటల్ సంతకం పెట్టడం అలవాటు చేసుకోండి. 2021లో వచ్చిన గిట్ 2.34 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే సంతకం పెట్టొచ్చు. మీ పబ్లిక్ కీ తెలిసినవాళ్లు కోడ్ ఏ సర్వర్ నుంచి తెచ్చుకున్నా అది మీదేనని సరిచూసుకోగలరు.

ఇక చర్చలు. కెర్నెల్ డెవలపర్లు ఇప్పటికీ ప్యాచ్‌లను (కోడ్‌లో చేసిన మార్పులను) ఈమెయిల్‌లోనే పంపుకుంటారు. ఫార్మాట్-ప్యాచ్, సెండ్-ఈమెయిల్, ఏఎమ్ కమాండ్లు గిట్‌లో ఉన్నవి అందుకే. కొత్తవాళ్లకు ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది, నిజమే. గిట్-బగ్ అనే టూల్ బగ్ రిపోర్టులను గిట్ లోపలే దాస్తుంది. రాడికల్ ఇంకా ముందుకెళ్లి, కేంద్ర సర్వర్ లేకుండా కంప్యూటర్ల మధ్యే కోడ్‌నీ చర్చల్నీ పంచుతుంది. ముగ్గురికి నా సలహా అయితే ఇంకా చిన్నది: రిపాజిటరీలోనే ఒక ఫోల్డర్ పెట్టి, ఒక్కో బగ్‌కి ఒక్కో టెక్స్ట్ ఫైల్ రాసుకోండి. అన్నీ ఒకే ఫైల్‌లో రాస్తే మాటిమాటికీ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లు (ఒకరి మార్పు ఇంకొకరి మార్పుతో ఢీకొనడం) వస్తాయి.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు? సొంత సర్వర్‌లో హోస్టింగ్ సైటులాంటి సౌకర్యాలిచ్చే గిటీ (Gitea), ఫోర్జేయో (Forgejo) లాంటివి పెట్టుకుంటే సరిపోదా?

జవాబు: బ్రౌజర్‌లోనే పుల్ రిక్వెస్టులు (నా మార్పులు చేర్చుకోండి అనే అభ్యర్థనలు) కావాలంటే అవి మంచివే. తేలిగ్గా ఇన్‌స్టాల్ అవుతాయి కూడా. కానీ సర్వర్ మీదైనంత మాత్రాన వికేంద్రీకరణ అయినట్టు కాదు, ఆ ఒక్క సర్వర్ పోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. పైగా రిపాజిటరీలతోపాటు డేటాబేస్‌కి కూడా బ్యాకప్ తీసుకోవాలి. అప్‌డేట్లు, స్పామ్ అకౌంట్లు చూసుకునేవాళ్లు ఒకరు ఉండాలి. అంత ఓపిక ఉన్నవారు మీలో ఉంటే పెట్టుకోండి.

ప్రశ్న: ఒకసారి పొరపాటున పాస్‌వర్డ్ కమిట్ అయింది. తర్వాత ఆ ఫైల్ తీసేశాం. సొంత పేజీల్లో అది కనిపిస్తుందా?

జవాబు: కనిపిస్తుంది. పాత కమిట్ పేజీ తెరిస్తే చాలు. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయండి, మిగతావన్నీ తర్వాత. గిట్ ఫిల్టర్-రెపోతో చరిత్రను తిరగరాయొచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ చేరిన కమిట్ నుంచి తర్వాతి కమిట్ ఐడీలు మారతాయి కాబట్టి ముగ్గురూ మళ్లీ క్లోన్ చేసుకోవాలి. స్టాగిట్ రాసిన పాత పేజీలను కూడా చెరిపేసి కొత్తగా తయారు చేయించండి, లేకపోతే ఆ ఫైళ్లు సర్వర్‌లో అలాగే ఉండిపోతాయి.