ఆ ఎర్ర దారం సంగతి

రాయగడ నుంచి ఉత్తరం రాసిన సోదరుడికి,

మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఫ్యాక్టరీ స్టోర్సులో 12 ఏళ్లుగా మీతో పనిచేస్తున్న ఒడియా మిత్రుడికి టీబీ సోకిందనీ, మందులు వాడుతూ మూడో నెలలో డ్యూటీకి వస్తే క్యాంటీన్‌లో అతని బెంచీ మీద ఎవరూ కూర్చోవడం లేదనీ, వాళ్ల మనసు మార్చే దారి చెప్పమనీ అడిగారు. మధ్యలో ఒకే ఒక్క వాక్యంలో, సంగతి పక్కింటివారి ద్వారా తెలిసిన నాటి నుంచి మీ భార్య మీ క్యారేజీ గిన్నెలకు ఎర్ర దారం కట్టి విడిగా తోముతున్నదనీ, ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా సొంత అన్న ఈ జబ్బుతోనే పోయాడనీ రాశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

క్యాంటీన్ సంగతికి అంత ఆలోచన అక్కరలేదు. రోజూ మీరే అతని పక్కన కూర్చుని తినండి, చాలు.

ఆమెను మీరు "చదువుకుని కూడా మూర్ఖంగా ప్రవర్తిస్తోంది" అన్నారు. ఆ మాట నాకు కష్టం కలిగించింది. దగ్గుతూ దగ్గుతూ అన్న చిక్కిపోవడం కళ్లారా చూసిన పిల్ల, ఇరవై ఏళ్ల తరువాత భర్త అదే జబ్బు మనిషి పక్కన రోజంతా గడిపి వస్తున్నాడని బయటివాళ్ల నోట వింటే, గిన్నెలకు దారం కట్టక ఏం చేస్తుంది? మిత్రుడి కష్టంలో నిలబడ్డారు, అది మీ ధర్మం, అందుకు మిమ్మల్ని మనసారా మెచ్చుకుంటాను. అయితే కూతురి కాలేజీ ఫీజుకు దాచిన 30 వేలు ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా తీసి మిత్రుడికి అప్పుగా ఇవ్వడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఆ డబ్బు ఆమె కూడా కడుపు కట్టుకుని దాచినది.

పైగా అతనికి మీ అప్పుకంటే ముందు అందవలసినది వేరే ఉంది. అతని జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడుతూ ఉంటే, డాక్టరు సర్టిఫికెట్టుతో సెలవు పెట్టిన రోజులకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. ఆ తరువాత కూడా విశ్రాంతి అవసరమైతే, టీబీ దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది కనుక, అర్హతను బట్టి 80 శాతం చొప్పున మరికొంతకాలం ఇస్తారు. టైమ్ ఆఫీసుకు, ఈఎస్ఐ డిస్పెన్సరీకి అతని వెంట వెళ్లి ఆ కాగితాలు పూర్తి చేయించండి. చేయి చాచి తీసుకున్న డబ్బు కంటే హక్కుగా వచ్చిన డబ్బు అతని తల ఎత్తి నిలుపుతుంది.

ఇక మీ ఇల్లు. సెలవు చూసుకుని ఆమెను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రిలోని టీబీ విభాగానికి వెళ్లండి. ఈ జబ్బు దగ్గు తుంపరల ద్వారా గాలిలో వ్యాపిస్తుందే కాని గిన్నెల వల్ల అంటుకోదనీ, మందులు సక్రమంగా పడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం చాలావరకు తగ్గుతుందనీ, అయినా కనీసం ఆరు నెలల కోర్సు ఆపకూడదనీ ఆమె డాక్టరు నోట వినాలి. మీరు చెబితే వాదన అవుతుంది. ఆమె అడిగితే మీరూ పరీక్ష చేయించుకోండి, చిన్నతనం అనుకోవద్దు.

తిరిగి వచ్చాక ఆ అన్నగారి గురించి అడగండి. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని పేరు మీ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించిందో మీరు రాయలేదు. ఆమె చెప్పడం మొదలుపెడితే మధ్యలో మీ మిత్రుడి ప్రస్తావన తేకండి. 30 వేల సంగతి కూడా ఆ రోజే, ఆమెకు మరొకరు చెప్పక ముందే, మీరే చెప్పండి. దారం విప్పమని మాత్రం అడగవద్దు.