సిస్టర్లు నిలవడం లేదా? ముందు డ్యూటీ చార్టు చూద్దాం

(ఆసుపత్రి నిర్వహణపై పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్ జవాబులు)

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు 25 పడకల ప్రసూతి ఆసుపత్రి ఉంది. నేను గైనకాలజిస్టుని, మావారు మత్తు డాక్టరు. ఉన్నది ఆరుగురు సిస్టర్లు. ఎవరూ ఏడాది నిలవడం లేదు. ఒకమ్మాయి హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళిపోయింది, ఇంకో అమ్మాయి జర్మన్ నేర్చుకుంటానని మానేసింది. నెలకు 13 వేలు ఇస్తున్నాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండు రాయించుకోమని తోటి డాక్టర్లు అంటున్నారు. ఇంటర్ పాసైన అమ్మాయిలకు మేమే ట్రైనింగ్ ఇచ్చుకుంటే సరిపోదా? కాన్పుకని మానేసిన ఒక సిస్టర్ మళ్ళీ వస్తానంటోంది గానీ నైట్లు చేయనంటోంది. తీసుకుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా?
- ఒక డాక్టరు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: డాక్టరమ్మా, మీ ఉత్తరమంతా వెళ్ళిపోయినవాళ్ళ గురించే. నా కన్ను మాత్రం ‘ఆరుగురు’ దగ్గరే ఆగింది.

వార్డులో ఒకరు, లేబర్ రూములో ఒకరు రాత్రీ పగలూ ఉండాలి కదా. ఒక్కో చోటికి రోజుకు 3 షిఫ్టులు, వారానికి 21. ఒక మనిషి వారానికి 6 చేస్తుంది. అంటే ఒక్క చోటికే మూడున్నర మంది కావాలి. సెలవులకూ జ్వరాలకూ మరో 30 శాతం మందిని ఉంచుకోమని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అది కలిపితే నాలుగున్నర, రెండు చోట్లకు తొమ్మిది మంది. ఎవరూ మానకపోయినా మీకు ముగ్గురు తక్కువే. ఆపరేషన్ థియేటర్ సంగతి ఇంకా ఎత్తనేలేదు.

ఆ ముగ్గురి పనీ మిగతావాళ్ళ మీద పడుతుంది. నైట్ చేసి పొద్దున్నే బ్యాగు సర్దుకున్న అమ్మాయితో ‘రిలీవర్ రాలేదు, కాసేపు ఉండమ్మా’ అంటారు. ఆ కాసేపు మధ్యాహ్నం అన్నం వేళ దాకా సాగుతుంది. మానేసేవాళ్ళతో చాలామందితో కూర్చుని మాట్లాడాను. మొదట జీతం అంటారు. ఇంకాస్త కదిపితే, ఆఫ్ ఎప్పుడో ముందు రోజు దాకా తెలియదు మేడమ్, పెళ్ళికి వస్తానని ఎవరికీ చెప్పలేకపోతున్నా అంటారు.

కాబట్టి వచ్చే నెల డ్యూటీ చార్టు ఈ నెల 25కల్లా గోడ మీద ఉండాలి. పెట్టాక మీరు మార్చొద్దు. వాళ్ళలో వాళ్ళు మార్చుకుంటే మార్చుకోనివ్వండి. సంక్రాంతి సెలవులు డిసెంబరు మొదట్లోనే తేల్చేయండి. క్రిస్మస్‌కి ఇంటికి వెళ్ళినవాళ్ళు పండక్కి నిలబడతారు. మన జిల్లాల్లో ఈ సర్దుబాటు ఎప్పుడూ ఉన్నదే. పంచాంగం చూసుకుని తెల్లవారుజామున నాలుగింటికి పెట్టమనే ముహూర్తం సిజేరియన్లున్నాయే, వాటికి కాస్త గట్టిగా అడ్డం చెప్పండి. ఒక్క ముహూర్తానికి ఆ రాత్రి టీమూ పోతుంది, మర్నాటి టీమూ పోతుంది.

జీతం మాటకొస్తే, 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. అది అప్పటి మాట. మీరిచ్చే 13 వేలతో మూడేళ్ళు జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివిన పిల్ల హాస్టల్ ఫీజు కట్టి ఇంటికేం పంపుతుంది? డబ్బెక్కడిది, మనుషులెక్కడ దొరుకుతారు అంటారా? తొమ్మిది మంది దొరికే దాకా ఓ పది పడకలు మూసేయండి. చేదుగానే ఉంటుంది. చాలని మనుషులతో 25 పడకలు నడిపి ఒక కేసు చెయ్యి జారితే అయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు.

ఇంటర్ అమ్మాయిలను తీసుకోండి, తప్పు లేదు. కాకపోతే వాళ్ళ చేతికి సిరంజి ఇవ్వొద్దు, కాగితాలివ్వండి. ఒక రోజు పొద్దున్న మీ స్టాఫ్ రూములో కూర్చుని చూడండి. సిస్టర్ ఒక చేత్తో ఫోనెత్తి ‘మేడమ్ ఓపీ ఎన్నింటికి’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతూ, రెండో చేత్తో గర్భిణుల స్కానింగ్ వివరాలు రాసే ఫారం-ఎఫ్‌లో అడ్రసు రాస్తుంటుంది. అవతల బీపీ చార్టు ఖాళీగా ఉంటుంది. ఆ రాతపనీ, ఇన్సూరెన్స్ కాగితాలూ, మందుల ఇండెంటూ ఇంటర్ పిల్ల చేయగలదు. ఫారం-ఎఫ్ సరిచూసి సంతకం పెట్టే బాధ్యత మాత్రం మీదే.

సిరంజి ఎందుకివ్వొద్దో మీకు తెలియనిది కాదు. ఫిట్స్ భయంతో మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) డ్రిప్ పెట్టిన తల్లి దగ్గర మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస తగ్గుతోందా, యూరిన్ గంటకు 30 మి.లీ. వస్తోందా చూస్తూ ఉండాలి. తేడా వస్తే డ్రిప్ ఆపి, మీకు ఫోన్ కొట్టి, విరుగుడు మందైన కాల్షియం గ్లూకోనేట్ చేతిలో పట్టుకుని నిలబడాలి. మీరిచ్చే ఆర్నెల్ల ట్రైనింగుతో అది రాదు.

సర్టిఫికెట్లు దాచుకోవడం, బాండు రెండూ వద్దు. ఆ ఆసుపత్రిలో ఒరిజినల్స్ ఇవ్వరట అన్న మాట సాయంత్రానికల్లా నర్సింగ్ హాస్టళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటా తిరుగుతుంది. ఆ తర్వాత మీ ప్రకటన చూసి వచ్చేది ఎక్కడా పని దొరకనివాళ్ళే. జర్మనీ అమ్మాయి సంగతే చూడండి. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. మొదటి నుంచి నేర్చుకునేవాళ్ళకు ఏడాది వరకూ పడుతుంది. సాయంత్రం క్లాసుకు వీలుగా మార్నింగ్ డ్యూటీలు వేసి, వెళ్ళేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చక్కగా ఇస్తానని ముందే చెప్పి ఉంటే, ఆ ఏడాదీ మీ దగ్గరే చేసేది. ఎప్పుడు వెళ్తుందో మీకూ ముందే తెలిసేది.

ఇక కాన్పుకని ‘మానేసిన’ సిస్టర్. ఆయాలు, రిసెప్షన్, మందుల షాపు కలిపితే మీ దగ్గర పదిమంది దాటతారు. అలాంటి చోట మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో సెలవు ఆమెకు చట్టం ఇచ్చిన హక్కు, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ప్రసూతి ఆసుపత్రిలోనే ప్రసూతి సెలవు దొరక్క మానేయాల్సి వస్తే ఎలా డాక్టరమ్మా?

ఆమెను తప్పకుండా తీసుకోండి. పొద్దున షిఫ్టే ఇవ్వండి. మిగతావాళ్ళు ఊరుకోవాలంటే నైట్‌కి ఇంత అని అలవెన్స్ పెట్టి, జీతంతో కలపకుండా విడిగా చూపించండి. అప్పుడు నైట్లు చేసేవాళ్ళకు ఆమె మీద కోపం ఉండదు, కొందరు నైట్లు అడిగి మరీ చేస్తారు. మీ కేసులూ మీ పద్ధతులూ తెలిసిన మనిషి, కొత్తగా నేర్పే పని లేదు. ఇంకో ఆసుపత్రికి మాటిచ్చేలోగా ఈ సాయంత్రమే ఫోన్ చేయండి.