రక్షణకు నిలిచే ట్యాంకును ఎంచుకోవడం

తిరుపతి

చిరంజీవి భరత్‌కు మామయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో ఆడే క్లాష్ రాయల్ ఆటలో కార్డుల లెవెల్ పెంచటానికి కూడబెట్టిన గోల్డంతా జెయింట్ కార్డు మీద పెట్టాలా, కత్తి పట్టిన నైట్ కార్డు మీద పెట్టాలా అని చిత్తూరు నుంచి నువ్వు పంపిన మెసేజ్ చూశాను. హిట్ పాయింట్లు, అంటే దెబ్బలకు తరిగే ప్రాణం, జెయింట్‌కే ఎక్కువ కాబట్టి టవర్‌ను కాపాడటానికి అదే మేలన్న నీ లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది గానీ, రక్షణ కోసం ట్యాంకును, అంటే ముందు నిలబడి దెబ్బలు తినే కార్డును, ఎంచుకునేటప్పుడు ఆ అంకెను అన్నిటికన్నా చివర చూడాలన్నది నా అభిప్రాయం.

ముందుగా ఆ కార్డు ఎవరి మీదికి వెళ్తుందో చూడాలి. జెయింట్, గోలెం, ఐస్ గోలెం భవనాల వైపే నడుస్తాయి తప్ప ఎదురుగా వచ్చే ట్రూపులను, అంటే ఎదుటివాడి సైనికులను, కొట్టవు. నీ టవర్ మీదికి వస్తున్న మినీ పెక్కాకు అడ్డంగా జెయింట్‌ను దించావనుకో, అది కాసేపు దెబ్బలు తింటుంది, అంతేగాని తిరిగి కొట్టకుండా వంతెన వైపు తన దారిన తాను పోతుంది. నైట్ మాత్రం నిలబడి దెబ్బలు తింటూనే తన కత్తికి పని చెబుతాడు.

తరువాత ధర సంగతి. ఏ కార్డు దించాలన్నా ఖర్చయ్యేది ఎలిక్సిర్. మామూలు సమయంలో ఒక ఎలిక్సిర్ నిండటానికి 2.8 సెకన్లు పడుతుంది కనుక, 8 ఎలిక్సిర్ పెట్టి గోలెంను దించితే ఆ ఖర్చు పూడటానికి 22 సెకన్లకు పైగా కావాలి. ఆలోగా ప్రత్యర్థి రెండో వైపు నుంచి వస్తే నీ చేతిలో ఏమీ ఉండదు. జెయింట్‌కు 5, నైట్‌కు 3. ఎదుటివాడు 4 ఎలిక్సిర్‌తో ఒంటరిగా పంపిన మస్కటీర్ (దూరం నుంచి తుపాకీ కాల్చే ఆమె) పక్కనే నైట్‌ను దించితే ఆమెను పడగొట్టడమే కాక, మిగిలిన ప్రాణంతో అతడు ఎదురుదాడికీ బయలుదేరతాడు. అప్పుడు అతని వెనుక నీ మస్కటీర్‌ను నిలిపితే ఒక ఎలిక్సిర్ లాభంతో మొదలైన రక్షణ అక్కడికక్కడే దాడిగా మారుతుంది. గరుడ సేవ నాడు మాడవీధుల్లో తాళ్ళు పట్టుకుని నిలబడే సేవకులు జనాన్ని ఓడించాలని చూడరు, వాహనం ముందుకు సాగేదాకా దారి నిలుపుతారు. ట్యాంకు నుంచి మనం కోరవలసింది కూడా ఆ మాత్రమే.

ఇక హిట్ పాయింట్లు. వాటిని పాయింట్లుగా కాక దెబ్బలుగా లెక్కపెట్టు. దెబ్బకు 600 చొప్పున తీసేవాడి ముందు 1,700 ఉన్నవాడు మూడో దెబ్బకు పడిపోతాడు. నువ్వు గోల్డ్ పోసి 1,790కి పెంచినా మూడో దెబ్బకే పడతాడు. 1,800 దాటినప్పుడే నాలుగో దెబ్బ దాకా నిలుస్తాడు. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. నీకు తరచుగా ఎదురయ్యే రెండు మూడు కార్డుల దెబ్బలను ఆటలోనే చూసి ఈ లెక్క వేసుకున్నాకే లెవెల్ పెంచు.

నైట్‌కూ లోపాలున్నాయి. ఆకాశంలో వచ్చే మినియన్లను అతడు తాకలేడు. స్కెలిటన్ ఆర్మీ చుట్టుముడితే ఒక్కొక్కరినే కొట్టుకుంటూ ఉండిపోతాడు. అక్కడ చుట్టూ తిప్పి నరికే వాల్కిరీకి 4 ఎలిక్సిర్ ఇవ్వడం దండగ కాదు. హాగ్ రైడర్ వంటివాళ్ళు భవనాలనే వెతుక్కుంటూ వస్తారు కాబట్టి దారిలో నైట్ నిలబడ్డా పట్టించుకోరు, వాళ్ళను పక్కకు లాగటానికి కానన్ వంటి భవనమే కావాలి. ఇన్‌ఫెర్నో డ్రాగన్ మంట క్షణక్షణానికీ పెరుగుతుంది కనుక దాని ముందు ఎంత పెద్ద ట్యాంకైనా కరిగిపోవలసిందే. జాప్ అనే మంత్రం కార్డును చేతిలో ఉంచుకుని దాని మీద వేస్తే ఆ మంట మళ్ళీ మొదటికి వస్తుంది.

అందువల్ల గోల్డ్ నైట్ మీద పెట్టమనే చెబుతాను. అయితే నీ డెక్‌లో, అంటే ఆటకు ఎంచుకున్న ఎనిమిది కార్డుల్లో, వాల్కిరీ ఇప్పటికే మంచి లెవెల్‌లో ఉంటే తొందరపడకు, ఒకే పని చేసే ఇద్దరికి గోల్డ్ పంచడం ఎందుకు? ముందు ఫ్రెండ్లీ బ్యాటిల్స్‌లో నైట్‌తో కొన్ని ఆటలు, వాల్కిరీతో కొన్ని ఆటలు ఆడి, ప్రతిసారీ మూడు నిమిషాలు ముగిసేసరికి టవర్లకు ఎంత ప్రాణం మిగిలిందో రాసి పెట్టుకో. గెలుపోటములను పక్కన పెట్టు, వాటిలో ఎదుటివాడి పొరపాట్లూ కలిసి ఉంటాయి. అమ్మ ఫోన్‌లోంచి జెమ్స్ మాత్రం కొనవద్దు. రాసుకున్న అంకెలతో పాటు నీ డెక్ స్క్రీన్‌షాట్ పంపితే, మిగతా ఏడు కార్డుల సంగతి చూసి చెబుతాను.

నీ మేనమామ